స్కాన్ బాగుందన్నారు, మరి అమ్మ తుంటి ఎముక ఎందుకు విరిగింది?

ఈసారి ఉత్తరం ఒంగోలు నుంచి వచ్చింది. చాలా పెద్ద ఉత్తరం, అందులో ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇక్కడ పెడుతున్నా.

"అక్కా, మా అమ్మకి 63 ఏళ్ళు. దర్శి దగ్గర పల్లెటూరు మాది. పోయిన నెల బాత్రూంలో కాలు జారి ఎడమ పక్కకి పడిపోయింది, తుంటి దగ్గర ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి బంతి మార్చారు. రెండేళ్ళ కిందట ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీయిస్తే నడుము దగ్గర టీ స్కోర్ (వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే నంబరు) మైనస్ 1.4 వచ్చింది, పర్లేదు కాల్షియం వాడండి అన్నారు, అమ్మ ఒక్క రోజు కూడా మానలేదు. ఎముక ఇనుము కంటే గట్టిది అంటారు కదా, నిలబడ్డ మనిషి నేల మీద పడితేనే ఎలా విరిగింది? స్కాన్ తప్పా? నాటు కట్టు కట్టించకుండా తొందరపడి కోయించారని పెదనాన్న వాళ్ళు ఇప్పటికీ అంటున్నారు. నాన్నేమో మళ్ళీ పడుతుందని భయపడి మంచం దిగనివ్వడం లేదు. అమ్మకి 34 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. నాకిప్పుడు 38, మా పాపకి 11. మాకూ ఇదే వస్తుందా?"

చెల్లెమ్మా, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఎముకల బలం కొలిచే పనిలో ఉన్నదాన్ని, ఎముకని మెషీన్‌లో పెట్టి వంచి, నొక్కి, మెలితిప్పి ఎక్కడ పగులుతుందో చూడటం నా పని. కాబట్టి మందుల సంగతి నీ డాక్టర్ గారు ఏం చెప్తే అదే, నేను ఆయన్ని ఏం అడగాలో చెప్తా, ఎముక సంగతి మాత్రం నాకు తెలిసినంత వివరంగా రాస్తా.

అన్నిటికంటే ముందు నాన్నగారి భయం సంగతి, ఎందుకంటే అది ఈరోజే మారాల్సిన విషయం. ఆపరేషన్ చేసిన డాక్టర్ వద్దని స్పష్టంగా చెప్పి ఉంటే తప్ప అమ్మని లేపి నడిపించాలి. బంతి మార్చిన వాళ్ళని మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే వాకర్ పట్టించి నిలబెడతారు, ఆ ఆపరేషన్ చేసేదే అందుకు. మంచం మీద ఉంచేస్తే తొడ కండలు వారాల్లో కరిగిపోతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డ కడుతుంది, వీపున పుండ్లు పడతాయి, పెద్దవాళ్ళ విషయంలో విరిగిన ఎముక కంటే ఇవే ఎక్కువ ప్రమాదం. ఎముక కూడా బరువు పడకపోతే పలచబడుతుంది. అంతరిక్షంలో బరువు లేకుండా ఉండే వ్యోమగాములకి తుంటి దగ్గర నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక పోతుంది, వాళ్ళు వయసులో ఉన్నవాళ్ళు, గట్టి మనుషులు, వాళ్ళకే అలా ఉంటే 63 ఏళ్ళ మనిషిని నెల రోజులు పడుకోబెడితే ఏమవుతుందో నాన్నగారికి నువ్వే చెప్పు. ఫిజియోథెరపీ చేసేవాళ్ళని ఇంటికి పిలిపించుకోండి, మొదట్లో పక్కన మనిషి ఉండి పట్టుకోండి, కానీ నడవనివ్వండి.

నాటు కట్టు మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. పుత్తూరు కట్టు మీద మన జనానికి ఉన్న నమ్మకం నాకు తెలుసు, చెయ్యో ముంజేయో చిన్నగా చిట్లితే కదలకుండా కట్టి ఉంచితే ఎముక దానంతటదే అతుక్కుంటుంది, అది ఎముక గొప్పతనం. కానీ తుంటి కీలు దగ్గర సన్నగా ఉండే మెడ విరిగి పక్కకి జరిగితే సంగతి వేరు. అది తొడ కండల లోపల లోతున ఉంటుంది, పైన ఎంత బిగించి కట్టినా లోపలి ముక్క కదలకుండా ఆగదు, పైగా బంతికి రక్తం తీసుకెళ్ళే నాళాలు ఆ మెడ మీదుగానే వెళ్తాయి, అది విరిగినప్పుడు అవి కూడా తెగిపోతుంటాయి, రక్తం అందని బంతి చచ్చిపోతుంది. ఆపరేషన్ చేయించి సరైన పనే చేశారు. పెదనాన్న గారితో వాదన పెట్టుకోవద్దు, ఈ ఒక్క రక్తం సంగతి చెప్పు చాలు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకి వద్దాం. ఎముక ఇనుము కంటే గట్టిది అనే మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది, సగమే నిజం. తొడ ఎముక గోడలో ఉండే గట్టి ఎముక ఉంది చూడు, దాన్ని చదరపు సెంటీమీటరు మేర తీసుకుని నిలువునా నొక్కితే 1,900 కిలోల దాకా తట్టుకుంటుంది. ఇంటి స్లాబుకి వాడే ఎం20 కాంక్రీటు అదే మేరకి 200 కిలోలు, మామూలు స్టీలు 2,500 కిలోల దగ్గర సాగడం మొదలుపెడుతుంది. అంటే సైజుకి సైజు చూస్తే స్టీలే గట్టిది. కానీ స్టీలు బరువు ఎముకకి నాలుగు రెట్లు, బరువుకి బరువు లెక్కేస్తే ఎముక గెలుస్తుంది, ఆ మాట పుట్టింది అక్కడి నుంచే.

అయితే ఆ 1,900 కిలోలు నిలువునా నొక్కినప్పుడు మాత్రమే. అదే ఎముకని నిలువునా లాగితే 1,300 కిలోల దగ్గర తెగుతుంది, అడ్డంగా లాగితే 500 కిలోలకే చీలిపోతుంది, కోత పడేలా జరిపితే 700 కిలోలు దాటదు. స్టీలుకి ఏ వైపు నుంచి లాగినా ఒకటే, ఎముకకి దిక్కు ఉంది. రోజూ ఏ దిక్కు నుంచి బరువు పడుతుందో ఆ దిక్కుకే అది తయారై ఉంటుంది. అమ్మ విషయంలో జరిగింది అర్థం కావాలంటే ఈ మాట బాగా గుర్తుపెట్టుకో.

నడిచేటప్పుడు ఒక్కో అడుగుకీ తుంటి మీద ఒంటి బరువుకి రెండున్నర మూడు రెట్లు పడుతుంది, కండలు బిగించి లాగుతాయి కదా, అందుకని. ఆ బరువు బంతి మీద పై నుంచి పడి మెడ కింది అంచుని నొక్కుతుంది, కాబట్టి ఆ కింది అంచు జీవితాంతం దిట్టంగా ఉంటుంది. మెడ పై అంచుకి నడకలో పెద్దగా పని పడదు, అది వయసుతో పాటు పలచబడుతూ పోతుంది, చివరికి కాగితం అంత పలచగా కూడా అయిపోతుంది. మనిషి పక్కకి పడ్డప్పుడు ఏమవుతుందంటే దెబ్బ తొడ బయటి గుబ్బ మీద తగులుతుంది, బలం తారుమారవుతుంది, ఇన్నాళ్ళూ పని లేక పలచబడిన ఆ పై అంచే నొక్కుడు మొత్తం మొయ్యాల్సి వస్తుంది. అక్కడే చిట్లుతుంది. ముందుకి పడి చేతులు ఆనించి ఉంటే బహుశా మణికట్టు విరిగేది, వెనక్కి కూలబడితే వెన్నుపూస నలిగేది. పెద్దవాళ్ళు పక్కకి పడితే తుంటి విరిగే అవకాశం మిగతా పడటాలతో పోలిస్తే ఆరు రెట్ల దాకా ఉంటుందని లెక్కలున్నాయి.

ఎంత బలానికి విరుగుతుందో కూడా కొలిచారు. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో చనిపోయిన వాళ్ళ తొడ ఎముకలు తీసుకుని, మనిషి పక్కకి పడ్డప్పుడు దెబ్బ ఎలా తగులుతుందో సరిగ్గా అలాగే మెషీన్‌లో పెట్టి నొక్కారు. సగటున 33 ఏళ్ళ వయసు వాళ్ళవి దాదాపు 730 కిలోల బలానికి విరిగాయి, 74 ఏళ్ళ వాళ్ళవి 350 కిలోలకే. ఇక నిలబడ్డ మనిషి గచ్చు మీద పక్కకి పడితే తుంటికి తగిలే దెబ్బ ఐదు వందల కిలోలు దాటగలదు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడు, నువ్వు పడితే కమిలిపోయి ఊరుకుంటుంది, అమ్మ పడితే విరుగుతుంది. అందులో వింతేమీ లేదు, అమ్మ తప్పు అంతకంటే లేదు.

ఇంకో రకంగా చూడు. 58 కిలోల మనిషి నిలబడ్డ ఎత్తు నుంచి నేలకి చేరేసరికి ఇంచుమించు 400 జౌల్స్ శక్తి ఎక్కడో అక్కడ ఖర్చవ్వాలి. తొడ ఎముక విరగడానికి అందులో చాలా చిన్న భాగం చాలు. మరి పడ్డ ప్రతివాళ్ళకీ ఎందుకు విరగదంటే కాలు కండలు వంగుతూ కొంత పీల్చుకుంటాయి, చేతులు కొంత, తుంటి మీద ఉండే కొవ్వు కొంత. సన్నగా, కండ లేకుండా ఉండే పెద్దవాళ్ళకి ఈ మూడూ ఉండవు. అందుకే ఎముక బలం గురించి మాట్లాడేటప్పుడు కండల గురించి మాట్లాడకపోతే సగమే మాట్లాడినట్టు.

ఇక స్కాన్ సంగతి. స్కాన్ అబద్ధం చెప్పలేదు, కానీ అది చెప్పగలిగింది ఒక్కటే, ఎముకలో ఖనిజం ఎంత ఉందో. ఎముక బరువులో ఖనిజం 60 నుంచి 65 శాతం, మిగతాది కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచు, నీళ్ళు. స్లాబులో కాంక్రీటు నొక్కుడు తట్టుకుంటే లోపలి కడ్డీ లాగుడు తట్టుకుంటుంది కదా, ఇక్కడా ఖనిజం వల్ల గట్టిదనం, కొల్లాజెన్ వల్ల విరక్కుండా సాగే గుణం వస్తాయి. ఇది మీ పాపతో కలిసి ఇంట్లోనే చేసి చూడొచ్చు. కోడి కాలు ఎముకలు రెండు శుభ్రంగా కడిగి ఒకటి వెనిగర్‌లో వేసి, మధ్యలో వెనిగర్ మారుస్తూ కొన్ని రోజులు ఉంచండి. ఖనిజం కరిగిపోయి పీచు మిగులుతుంది, ఎముక ఆకారం అలాగే ఉంటుంది కానీ రబ్బరులా వంగుతుంది. రెండోది నిప్పుల్లో బాగా కాల్చండి, పీచు కాలిపోయి తెల్లగా ఖనిజం మిగులుతుంది, వేళ్ళ మధ్య నొక్కితే పొడి అయిపోతుంది. ఆ రెండో ఎముకలో కాల్షియం దాదాపు అంతా అలాగే ఉంది, స్కాన్‌లో పెడితే మంచి మార్కులే వస్తాయి, బలం మాత్రం లేదు.

నువ్వు దర్శి అని రాశావు చూడు, అది చదవగానే నేను ఆగిపోయా. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడిపోయే జబ్బుని 1937లో మొట్టమొదట వైద్య పత్రికలో రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే, దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే, ప్రకాశం జిల్లా తర్వాత వచ్చింది. నల్గొండ వైపు మర్రిగూడ, మునుగోడు ఊళ్ళ కష్టం అందరికీ తెలుసు, మీ వైపు కష్టం అంతగా పేపర్లకి ఎక్కలేదు. నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉండి, ఏళ్ళ తరబడి అవే బోరు నీళ్ళు తాగితే అది ఎముక ఖనిజంలో చేరిపోతుంది. స్కాన్‌లో ఎముక సాంద్రంగా కనిపిస్తుంది, ఎక్స్‌రేలో ఇంకా తెల్లగా కనిపిస్తుంది, నిజానికి పెళుసుగా ఉంటుంది.

దీనికి గట్టి రుజువు ఉంది. ఒకప్పుడు ఫ్లోరైడ్‌నే ఎముకలు గుల్లబారే జబ్బుకి మందుగా ఇద్దామని చూశారు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు రుతుక్రమం ఆగిపోయిన 202 మంది ఆడవాళ్ళతో నాలుగేళ్ళు పరీక్ష చేసి 1990లో ఫలితాలు ప్రకటించారు. ఫ్లోరైడ్ తీసుకున్న వాళ్ళ వెన్నుపూసలో సాంద్రత 35 శాతం పెరిగింది, ఇంత పెంచిన మందు అప్పటికి లేదు, కానీ వెన్నుపూస కాకుండా మిగతా చోట్ల ఎముకలు విరగడం మూడు రెట్లు పెరిగింది. సాంద్రత వేరు బలం వేరు అని ఇంతకంటే స్పష్టంగా చూపించిన పరీక్ష నాకు తెలీదు. అమ్మకి ఫ్లోరైడ్ వల్లే విరిగిందని నేను అనడం లేదు, ఉత్తరం చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు, కానీ ఆ ఊళ్ళో పుట్టి పెరిగి బోరు నీళ్ళు తాగిన మనిషి అనే సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, ఒంగోల్లో కూర్చున్న డాక్టర్‌కి అమ్మ ఊరు ఎవరూ చెప్పకపోతే తెలీదు.

ఫ్లోరైడ్ లేకపోయినా నడుము దగ్గర తీసిన స్కాన్ అరవై దాటిన వాళ్ళలో మోసం చేస్తుంది. అరుగుదల వల్ల వెన్నుపూసల అంచుల్లో కొక్కేల్లాగా అదనపు ఎముక పెరుగుతుంది, అది కూడా లెక్కలో కలిసి నంబరు ఎక్కువ వస్తుంది. పాత రిపోర్టు తీసి చూడు, తుంటి దగ్గర కూడా తీశారా, నడుము ఒక్కటేనా? నువ్వు రాసిన మైనస్ 1.4 నడుముది. ఇంకో మాట, మైనస్ 2.5కి గానీ అంతకంటే కిందకి గానీ వెళ్తేనే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది, గీత ఎక్కడో ఒక చోట గియ్యాలి కాబట్టి గీశారు, అంతేగానీ మైనస్ 2.4 వాళ్ళ ఎముక విరగదని కాదు. నిజానికి చిన్న దెబ్బకే ఎముక విరిగిన వాళ్ళలో సగం మందికి పైగా ఆ గీతకి పైనే ఉంటారు. ఊళ్ళలో ఫ్రీ క్యాంపులు పెట్టి మడమ మెషీన్‌లో పెట్టి చూసేది డెక్సా కాదు, అది వేరే పరీక్ష, ఆ నంబరు పట్టుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే ఇబ్బంది, కొల్లాజెన్ పీచుల మధ్య చక్కెర అతుక్కుని అవి బిరుసెక్కుతాయి, స్కాన్ బాగానే ఉంటుంది, ఎముక విరుగుతుంది. అమ్మకి షుగర్ ఉందో లేదో నువ్వు రాయలేదు.

34 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు అన్నావు. ఇది చదివి బాధేసింది కానీ ఆశ్చర్యం వెయ్యలేదు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ శాతంలో దేశం మొత్తం మీద మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందు వరసలో ఉన్నాయి. కడుపునొప్పి అనో తెల్లబట్ట అనో వెళ్తే సంచి తీసేయించుకో పీడా పోతుంది అన్న రోజులు మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఎముకకి ముఖ్యం గర్భసంచి కాదు, అండాశయాలు. అవి కూడా తీసేసి ఉంటే ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఆ రోజుతోనే ఆగిపోయింది, అంటే మిగతా ఆడవాళ్ళకి నలభై ఐదు యాభై మధ్య మొదలయ్యే ఎముక అరుగుదల అమ్మకి 34కే మొదలైంది. అండాశయాలు ఉంచినా కొంతమందిలో అవి తొందరగా పని ఆపేస్తాయి. పాత డిశ్చార్జి కాగితాలు దొరికితే వెతుకు.

ఆ అరుగుదల ఎలా ఉంటుందో చెప్తే ఎందుకింత గట్టిగా చెప్తున్నానో అర్థమవుతుంది. తుంటి మెడ లోపల, వెన్నుపూసల లోపల ఎముక గట్టి ముద్ద కాదు, సన్నటి కమ్మీలు అల్లుకున్నట్టు ఉంటుంది. ఆ అల్లిక యాదృచ్ఛికం కూడా కాదు, 1866 ప్రాంతంలో జ్యూరిక్‌లో ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్రజ్ఞుడు తొడ ఎముకని నిలువునా కోసి ఆ గీతలు చూపిస్తే కుల్మన్ అనే ఇంజినీరు చూసి ఇవి క్రేన్‌లో బలాలు ప్రయాణించే గీతల్లాగే ఉన్నాయని గుర్తుపట్టాడు, తర్వాత 1892లో జూలియస్ వుల్ఫ్ బరువు పడే తీరుని బట్టి ఎముక తన్ను తాను మార్చుకుంటుందని సిద్ధాంతం రాశాడు. సరే, ఈ అల్లికలో సాంద్రత సగమైతే బలం సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. ఎందుకంటే ముందు అడ్డ కమ్మీలు తెగిపోతాయి, నిలువు కమ్మీలు పక్క ఆసరా లేకుండా పొడుగ్గా మిగులుతాయి, ఆసరా లేని పొడుగు రెట్టింపైతే అది వంగిపోకుండా మోసే బరువు నాలుగో వంతు అయిపోతుంది. ఒకసారి తెగిన కమ్మీని కాల్షియం మాత్ర మళ్ళీ అతికించలేదు. కాల్షియం సామాను మాత్రమే, కట్టేవాళ్ళు కావాలి, కట్టమని చెప్పే కారణం కావాలి. ఆ కారణం బరువు, కదలిక.

కాబట్టి నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ మాటలు అడుగు. ఇంత చిన్న పాటుకి తుంటి విరిగింది కాబట్టి స్కోర్ ఎంతున్నా దీన్ని ఆస్టియోపోరోసిస్ కిందే చూడాలి కదా, దానికి మందు మొదలుపెడతారా అని అడుగు. ఆపరేషన్ బాగా జరిగి, కుట్లు విప్పి, కాల్షియం రాసి పంపేసి ఈ ముక్క మర్చిపోవడం చాలా చోట్ల జరుగుతోంది, ఒక ఎముక విరిగిన మనిషికి రెండోది విరిగే అవకాశం ఎక్కువ. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది, తుంటి విరిగిన వాళ్ళ మీద చేసిన పెద్ద పరీక్షలో అది మళ్ళీ విరగడాన్ని 35 శాతం తగ్గించిందని 2007లో తేలింది. వారానికోసారి వేసుకునే మాత్రలూ ఉన్నాయి, అవి పరగడుపున పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పాటు పడుకోకుండా కూర్చోవాలి, లేకపోతే అన్నవాహిక కాలుతుంది. ఏ మందైనా ఎన్నేళ్ళు అని కూడా అడుగు. ఈ మందులు ఎముకని తినే కణాలని ఆపుతాయి, అదే కణాలు రోజువారీ సన్నటి పగుళ్ళని కూడా తీసి బాగుచేస్తాయి కాబట్టి మరీ ఎక్కువ ఏళ్ళు వాడితే తొడ మధ్యలో అరుదుగా పగులు వస్తుంది, అందుకే కొన్నేళ్ళకి విరామం ఇస్తారు. తొడ మధ్యలో కొత్తగా నొప్పి వస్తే వెంటనే చూపించాలి. అంత అరుదైన దానికి భయపడి మందే వద్దనుకోవడం మాత్రం తప్పు. మొదలుపెట్టే ముందు రక్తంలో విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), పారాథైరాయిడ్ హార్మోన్ చూస్తారు, ఫ్లోరైడ్ అనుమానం ఉంటే దానికీ పరీక్ష ఉంది. నడుముకి పక్క నుంచి ఒక ఎక్స్‌రే కూడా అడుగు, వెన్నుపూసలు చప్పుడు లేకుండా నలిగిపోతాయి, అమ్మ ఎత్తు వయసులో ఉన్నప్పటి కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే అది నడుము వంగడం అనుకుని వదిలెయ్యకూడదు.

విటమిన్ డి సాచెట్లు 60,000 యూనిట్లవి వారానికి ఒకటి రాస్తే రోజుకొకటి తాగేసి ఆస్పత్రి పాలైన వాళ్ళున్నారు, ఎన్ని వారాలు రాస్తే అన్నే. తిండిలో రాగులు మంచివి, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, నువ్వులు, పెరుగు, మునగాకు అన్నీ పెట్టు. పప్పు, గుడ్డు ఎక్కువ పెట్టు, పీచు కట్టడానికి ప్రోటీన్ కావాలి, మన పెద్దవాళ్ళు రాత్రిపూట మజ్జిగన్నంతో సరిపెట్టేస్తారు, అది చాలదు.

బాత్రూం ఈ వారమే మార్చండి. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి స్టీలు కడ్డీలు బిగించండి, తువ్వాలు తగిలించే రాడ్ కాదు, మనిషి వేలాడినా ఊడనిది, గోడలోకి బోల్టు వేసినది. కమోడ్ ఎత్తు పెంచే సీటు దొరుకుతుంది. బంతి మార్చిన వాళ్ళు నేల మీద కూర్చోవడం, బాసింపట్టు, ఇండియన్ టాయిలెట్, చిన్న పీట మీద స్నానం మామూలుగా వద్దంటారు, నీ సర్జన్‌ని ఎన్నాళ్ళు అని అడుగు. రాత్రి వెళ్ళే దారిలో చిన్న బల్బు ఎప్పుడూ వెలగనివ్వండి, చీర కుచ్చిళ్ళు పాదం మీదకి రాకుండా కట్టుకోమను లేదా ఇంట్లో నైటీ వేసుకోమను, కంట్లో శుక్లం ఉంటే తీయించండి, బీపీ మాత్ర వేసుకున్నాక లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా అడగండి, నిద్ర మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. తర్వాత తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ఫిజియో ఒప్పుకున్నాక ఒంటికాలి మీద నిలబడటం, ఇవి రోజూ చేస్తే అసలు పడకుండా ఉండే శక్తి వస్తుంది.

నీ సంగతి. నీకు 38, ఎముక సంపాదించుకునే వయసు దాటింది, ఉన్నది కాపాడుకునే వయసు, అదేం చిన్న పని కాదు, ఏటా మన ఎముకల్లో పదో వంతు పాతది పోయి కొత్తది వస్తుంది. నడక మంచిదే కానీ ఎముకకి నడక ఒక్కటే చాలదు, దానికి అలవాటైన బరువుకి అది కొత్తగా ఏమీ కట్టదు. పక్షుల రెక్క ఎముక మీద 1984లో చేసిన ప్రయోగంలో రోజుకి 36 సార్లు వంచితే ఎముక పెరిగింది, 1,800 సార్లు వంచినా అంతకంటే పెరగలేదు, బరువు కదలకుండా ఆనించి ఉంచితే అసలు పెరగలేదు. అంటే కాస్త గట్టిగా, కాసేపు, మధ్యలో విరామంతో చెయ్యాలి. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన పెద్దావిడలతో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున 8 నెలలు బరువులు ఎత్తించి, చిన్న గెంతులు వేయించి చూశారు, నడుము దగ్గర సాంద్రత 2.9 శాతం పెరిగింది, తేలిక వ్యాయామం చేసిన వాళ్ళకి 1.2 శాతం తగ్గింది. అది నిపుణులు పక్కన ఉండి చేయించినది, అమ్మకి ఇప్పుడు కాదు, నీకు పనికొస్తుంది, జిమ్‌లో నేర్పేవాళ్ళ దగ్గర మొదలుపెట్టు. గర్భసంచి తీయించుకోమని ఎవరైనా అంటే మాత్రం ఇంకో డాక్టర్ మాట కూడా విను, అండాశయాల గురించి విడిగా అడుగు.

పాప సంగతే నాకు అన్నిటికంటే ఆశగా అనిపించింది. ఎత్తు బాగా పెరిగే ఆ రెండేళ్ళలోనే జీవితానికి సరిపడా ఎముకలో దాదాపు పావు వంతు చేరుతుంది, ఆమె ఇప్పుడు ఆ గుమ్మంలో ఉంది. చిన్నప్పటి నుంచి ఆడిన టెన్నిస్ ఆటగాళ్ళ చేతులు ఎక్స్‌రే తీస్తే బ్యాట్ పట్టే చెయ్యి ఎముక గోడ రెండో చేతి కంటే మూడో వంతు దాకా మందంగా ఉంది, మనిషి ఒకరే, తిండి ఒకటే, తేడా అంతా ఆటదే. తొక్కుడుబిళ్ళ, తాడాట, బాస్కెట్‌బాల్, కబడ్డీ, ఏదైనా గెంతేది, దిక్కు మారేది ఆడనివ్వు. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో కూర్చోబెట్టి గెంతకు దూకకు అంటారు చూడు, అది ఎముకలకి మనం చేసే అన్యాయం, ఆ మాట మీ ఇంట్లో ఎవరినీ అననివ్వకు.

నీళ్ళ సంగతి మిగిలింది. ఊళ్ళో నాన్నగారు ఇంకా బోరు నీళ్ళే తాగుతుంటే ఒక సీసాలో పట్టించి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకి 1.5 దాటితే తాగడానికీ వంటకీ కూడా ఆర్వో నీళ్ళు వాడండి. అండాశయాల కాగితం, తుంటి స్కాన్, షుగర్, నీళ్ళ రిపోర్టు, ఈ నాలుగూ చేతికొచ్చాక నాకు మళ్ళీ రాయి.